సవతి చేతి ముద్ద

నబ్బోసాకూ నలుగ్వాకూ పడదు. ఈ సంగతి బులెంగేరా కొండ మీద కోళ్ళకు కూడా తెలుసు. పోట్లాట నిన్న మొన్నటిది కాదు, రెండు వందల ఏళ్ళ నాటిది. వాళ్ళిద్దరూ రాజుగారి భార్యలు. నబ్బోసా పెద్దది, నలుగ్వా చిన్నది. ఒకరోజు చిన్నది కూర వండి పెద్దదానికి వడ్డించింది. అది బురదచేప కూర. నబ్బోసాదేమో బురదచేప గోత్రం. మా వైపు ఏ గోత్రానికి ఏ జీవి పేరుంటే ఆ గోత్రంవాళ్ళు దాన్ని తినరు, తింటే తోబుట్టువును తిన్నట్టే లెక్క. తెలియక వండానని నలుగ్వా అంటుంది. చీకట్లో వేరే చేప అనుకుందట. మొదటి ముద్దకే తెలిసిపోయి ఉమ్మేశానని నబ్బోసా అంటుంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా నబ్బోసా అన్నది నలుగ్వా చేతి తిండి ముట్టలేదు.

ఆ మొదటి ఇద్దరూ ఎప్పుడో పోయారు. పోతే ఏం? ఒక నబ్బోసా కన్నుమూయగానే ఆ గోత్రంవాళ్ళు ఇంకో ఆడమనిషిని తెచ్చి ఆమె చాప మీద కూర్చోబెడతారు. కూర్చున్న క్షణం నుంచి ఆమే నబ్బోసా. పాత పేరు రెల్లు కంచె అవతల వదిలేసి రావాలి. భర్త, పొయ్యి, పోట్లాట అన్నీ ఆమెకు సంక్రమిస్తాయి. "నేను కాపురానికి వచ్చేసరికి రాజుగారికి ఇంకా మీసమే రాలేదు" అని ఆమె చెబితే ఇక్కడ ఎవరూ నవ్వరు. రాజు చనిపోయాడని కూడా అనరు. గడ్డి కప్పిన ఆ పెద్ద గుండ్రటి ఇంట్లో, చెట్టు బెరడుతో చేసిన తెర వెనక ఉన్నది సమాధి కాదు, అడవి. ఆయన అడవిలోకి వెళ్ళాడు. భార్యలు ఇంటిపట్టున ఉండి ఎదురుచూస్తున్నారు. రాజధాని కంపాలా నుంచి వ్యాన్లలో వచ్చేవాళ్ళు చెప్పులు బయట విడిచి, చాపల మీద కాసేపు కూర్చుని, ఆ ఎదురుచూపులను ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు.

ఇప్పటి నబ్బోసా పొడగరి, మాట తక్కువ మనిషి. ఇప్పటి నలుగ్వాది గొర్రె గోత్రం, బొద్దుగా ఉంటుంది, నోరు మూతపడదు. వయసులో నలుగ్వాయే పెద్ద. కానీ వరసలో చిన్న భార్య, పాపం ఏం చేస్తుంది? పగలంతా ఇద్దరూ పక్కపక్కనే కాళ్ళు ఒక వారకు మడిచి కూర్చుని ఈతాకు పాయలు అల్లుతారు. పొద్దు వాలాక వెనక వంటపాకలోకి వెళ్ళి చెరో మూలా, ఒకరికొకరు వీపు పెట్టి, ఎవరి పొయ్యి వాళ్ళు వెలిగించుకుంటారు.

వానాకాలం మొదట్లో నబ్బోసా తడిసిన గుమ్మం రాయి మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో మోచేతి దాకా పిండికట్టు వేసి పంపించారు.

బుధవారం పొద్దున సందర్శకులు రాకముందే లుబ్వామా వచ్చి ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గేటు దగ్గర టికెట్లు చింపేవాడూ, లోపల చరిత్ర చెప్పేవాడూ అతనే. మంచివాడే. కాకపోతే పై నుంచి ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ మాట అతని నోట్లోంచి వస్తుంది.

"జేజమ్మా, ఆ చేత్తో చాప ఎలా అల్లుతావు? వచ్చేవాళ్ళు చూసేది అదే కదా."

"కూర్చుంటాను. కూర్చోడానికి చెయ్యెందుకురా?"

"సరే, కూర్చుంటావు. మరి తిండి?"

ఆ ప్రశ్నకు అర్థం నబ్బోసాకు తెలుసు. ఈ ఇంట్లో భార్య అంటే పొయ్యి. పొయ్యి ఆరిపోయిన భార్య పుట్టింటికి పోయినట్టే. ఆ పొయ్యిని ఆమె గాని, ఆమె గోత్రపు ఆడపిల్ల గాని, సవతి గాని తప్ప వేరేవాళ్ళు ముట్టకూడదు. కబురు పెడితే మేనకోడలు పరుగెత్తుకు వచ్చేదే, కానీ దానికి నెలలు నిండాయి. ఇక మిగిలింది సవతి.

"శనివారం పెద్ద గుంపు వస్తోంది" అన్నాడు లుబ్వామా నేల చూపులు చూస్తూ. "ఇద్దరు భార్యలూ కనిపించాలని వ్యాన్ల కంపెనీవాళ్ళు పట్టుబట్టారు. నువ్వు మసాకాలో మీ తమ్ముడింటికి వెళ్ళు. నయం చేసుకుని రా. ఈలోగా ఒక పిల్లను మాట్లాడారు."

"నా చాప మీద కూర్చోడానికా?"

"ఊరికే కూర్చోడానికే జేజమ్మా. ఫోటోల కోసం."

"ఏ గోత్రం?"

లుబ్వామా తల గోక్కున్నాడు. ఆ సంగతి ఎవరూ అడగనే లేదు.

నయం చేసుకుని రావడం అనేది ఉండదని అతనికీ తెలుసు. చాప చుట్టుకుని కంచె దాటిన భార్యకు తిరిగి రావడం లేదు. కంచె లోపల ఆమె నబ్బోసా. అవతల తెరెజా అనే విధవరాలు, తమ్ముడింట్లో ఒక మూల మంచం. అంతే అయితే ఓర్చుకునేదేమో. ముందటి నబ్బోసా పోయేముందు తెర వెనక ఆమె చెవిలో కొన్ని మాటలు చెప్పింది. తన తర్వాత వచ్చేదాని చెవిలో వాటిని తను చెప్పాలి. చెప్పకుండా గడప దాటితే నబ్బోసా అనే మనిషి అక్కడితో సరి.

"నా పొయ్యి ఇంకా ఆరలేదు. వెళ్ళు, నీ టికెట్లు చూసుకో" అంది.

గురువారం ఆమె అరటికాయలు ఒలవడానికి కూర్చుంది. కాయను కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఇరికించి, ఎడమ చేత్తో కత్తి పట్టింది. మటోకే, అంటే అరటికాయ ముద్ద, వండే చెయ్యి కాయను చూడకుండానే ఒలుస్తుంది. ఎడమ చేతికి ఆ అలవాటు లేదు. కత్తి తొక్కతో పాటు సగం గుజ్జును కూడా చెక్కేసింది. జిగురు కారి కాలివేళ్ళు నల్లబడ్డాయి. కాయ రెండుసార్లు జారి బూడిదలో పడింది.

అవతలి పొయ్యి దగ్గర నుంచి నలుగ్వా తల తిప్పకుండానే అంది. "అరటికాయ ఒలుస్తున్నారా, మేక తోలు ఒలుస్తున్నారా పెద్దావిడగారు?"

"నీ కుండ నువ్వు చూసుకోవే గొర్రెముఖమా."

"చూసుకుంటూనే ఉన్నా. అక్కడ ఆ కాయ ఏడుస్తుంటే వినపడి అడిగాను."

నబ్బోసా ఎలాగో నాలుగు కాయలు చెక్కి ఆకులో వేసింది. మూట కట్టాలి. ఒక కొసను పళ్ళతో పట్టుకుని, ఇంకో కొసను ఎడమ చేత్తో లాగేసరికి ఆకు నిలువునా చిరిగింది. ఇంకో ఆకు తీసుకుంది. ఈసారి మూట నిలిచింది. దాన్ని కుండలో దించబోతే కట్టు ఉన్న మోచెయ్యి కుండ అంచుకు తగిలి నీళ్ళన్నీ పొయ్యిలోకి ఒలికాయి. చుయ్యిమని ఆవిరి లేచి నిప్పు చచ్చిపోయింది.

నలుగ్వా ఈసారి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నబ్బోసాకు ఎక్కువ బాధగా అనిపించింది. అలాగే బూడిద ముందు కూర్చుండిపోయింది. కాసేపటికి అరటాకు ఒకటి నేల మీద జరుగుతూ ఆమె మోకాలి దాకా వచ్చింది. దాని మీద తెల్లగా, నున్నగా ఒలిచిన కాయలు ఉన్నాయి.

"ఏంటిది?"

"పచ్చి కాయలు. వండలేదు. వండితే కదా నా చేతి వంట? నేను ఒలిచానంతే."

"నీ చెయ్యి తగిలిందా లేదా?"

"కత్తి తగిలింది."

"కత్తి ఎవరి చేతిలో ఉంది?"

"అబ్బా, రాజుగారి కొలువులో నిన్ను న్యాయమూర్తిని చెయ్యాల్సింది. తినకపోతే మానెయ్. మేకకు వేసుకుంటా."

నబ్బోసా ఆకును వెనక్కి నెట్టింది. కానీ విసురుగా నెట్టలేదు. ఒక్క కాయ కూడా కింద పడకుండా మెల్లగా నెట్టింది. ఆ పూట గేటు దగ్గరి కొట్లో కొన్న పండ్లు రెండు తిని పడుకుంది. కొండ మీదకు వచ్చాక వండకముందే ఆమె పొయ్యి ఆరిపోయిన రోజు అదే మొదటిది.

శుక్రవారం ఆ పిల్ల వచ్చింది. పేరు ప్రిస్కా. బోడా అనే అద్దె మోటారుసైకిలు దిగి, గేటు గదిలో కొత్త గోమెసి కట్టుకుంది. భుజాల దగ్గర బుట్టలా లేచిన ఎర్ర పట్టు, నడుముకు పెద్ద పట్కా. చూడముచ్చటగా ఉంది, అందులో వంక పెట్టడానికి లేదు. రేపటికి అలవాటు అవుతుందని లుబ్వామా ఆమెను నబ్బోసా చాప మీద కూర్చోబెట్టాడు. నబ్బోసాను కాసేపు వంటపాకలో ఉండమన్నాడు. ఆమె వెళ్ళింది. రెల్లు తడికకు చెవి ఆనించి కూర్చుంది. ఇంతకాలం తను కూర్చున్న చోటు నుంచి వేరే గొంతు వినిపిస్తోంది.

ఒక చిన్న వ్యాను వచ్చింది. సందర్శకులు చెప్పులు విడిచి చాపల మీద సర్దుకున్నారు. లుబ్వామా వాళ్ళకు మర్యాదగా నమలడానికి కాఫీ గింజల బుట్ట అందించి మొదలుపెట్టాడు.

"ఈమె నలుగ్వా. రాజుగారి చిన్న భార్య. ఈమె..." ఒక్క క్షణం ఆగాడు. "ఈమె నబ్బోసా. పెద్ద భార్య."

నలుగ్వా అల్లుతున్న పాయను ఒళ్ళో పెట్టుకుని పక్కకు తిరిగింది.

"నువ్వు నబ్బోసావా?"

"ఆ... అవును జేజమ్మా."

"జేజమ్మ ఏంటే? నేను నీ సవతిని. నీకు నేనేం వండిపెట్టాను?"

ప్రిస్కా లుబ్వామా వైపు చూసింది. అతను గడ్డికప్పు వైపు చూశాడు. "మటోకేనా?" అంది ఆ పిల్ల.

"నా మీద నీకు కోపం ఎందుకు?"

"మీ మీదా? నాకు కోపం ఎందుకుంటుంది? మీరు ఎంత బాగున్నారో!"

"విన్నావా లుబ్వామా?" నలుగ్వా గొంతు గుండ్రటి ఇల్లంతా మోగింది. "కోపం లేదట! కోపం లేనిది నా సవతి ఎలా అవుతుందిరా? ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని నన్ను తిట్టినది ఎవరో నాకు తెలియదా? రేపు రాజుగారు అడవిలోంచి వచ్చి, ఈ పిల్ల ఎవరే అని అడిగితే నన్నేం చెప్పమంటావు?"

వచ్చినవాళ్ళకు భాష అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. ఎవరో కిసుక్కుమన్నారు. ప్రిస్కా కూడా నవ్వేసి, గోమెసి అంచులు పట్టుకుని లేచి నిలబడింది.

"నిజమే జేజమ్మా. కూర్చోమంటే కూర్చున్నా. నాకు ఇవేవీ చెప్పలేదు" అంది.

తడిక వెనక నబ్బోసా కళ్ళు తుడుచుకుంది. తనే అసలు నబ్బోసా అని చెప్పినది ఈ లోకంలో ఒక్కతే, అదీ ఆ గొర్రెముఖమే. ఇదెక్కడి చోద్యమో అనుకుంది.

వ్యాను వెళ్ళాక లుబ్వామా వంటపాకలోకి వచ్చాడు. తిట్టడానికి వచ్చినవాడిలా లేడు, తిట్లు తినడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"నేనేం చెయ్యను చెప్పండి? అక్కడ కంపెనీవాళ్ళు, ఇక్కడ మీరు. ఒక్క మాట. రేపు పొద్దున ఈ పాకలో రెండు పొగలు లేస్తే, ఇద్దరు భార్యలూ ఉన్నారు, ఎవరూ అక్కర్లేదు అని వాళ్ళతో నేను చెప్పగలను. ఒక్కటే లేస్తే, వచ్చిన బండిలోనే నిన్ను మసాకా పంపించేస్తారు జేజమ్మా. అప్పుడు నా మాట ఎవరూ వినరు."

అతను వెళ్ళిపోయాడు. నబ్బోసా పెద్ద ఇంట్లోంచి తన చాప తీసుకుని, వెనక తను పడుకునే గుడిసెలోకి వెళ్ళింది. పొద్దు వాలుతుండగా చాప చుట్టడం మొదలుపెట్టింది. ఒంటి చేత్తో చుడుతుంటే ఒక వైపు బిగిసి ఒక వైపు వదులవుతోంది. మోకాలితో అదిమి మళ్ళీ చుట్టింది. ఆ చాప అంచు కుట్టింది తనే. ఊదారంగు పాయ ఒకచోట తప్పు పడితే విప్పడానికి బద్ధకించి అలాగే వదిలేసింది. ఆ తప్పును ఇప్పుడు వేలితో తడిమింది.

వంటపాకలో ఏదో చప్పుడైంది. పుల్ల విరిగిన చప్పుడు. తర్వాత పొగ వాసన వచ్చింది. ఆ పొగ ఏ మూల నుంచి వస్తోందో ఆమె ముక్కుకు తెలుసు. చాప వదిలేసి పాకలోకి వెళ్ళింది.

నలుగ్వా నబ్బోసా పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. తన పొయ్యిలో నిప్పును కుండపెంకు మీద తెచ్చి, ఎండు ఆకులు పేర్చి ఊదుతోంది. బుగ్గలు పొంగాయి. ఒలిచిన కాయల మూట అప్పటికే కుండలో ఉంది.

"లే అక్కణ్ణుంచి. నా పొయ్యి ముట్టడానికి నువ్వెవరే?"

"నీ సవతిని. ముట్టవచ్చు. నాకూ తెలుసు చట్టాలు."

"ముట్టి ఏం చేస్తావు? నీ చేత్తో వండింది నేను తినను. పొగ పెట్టి లుబ్వామాను మోసం చేద్దామనా?"

"ఉడకనీ. తర్వాత మాట్లాడదాం."

"నేను వెళ్ళిపోతాను. చాప చుట్టేశాను."

"చుట్టావా? ఎలా చుట్టావో చూశాలే, గుమ్మంలోంచి. బస్సు ఎక్కేలోపే ఊడిపోతుంది" అంది నలుగ్వా. కానీ గొంతులో ఎప్పటి పదును లేదు.

కుండలో నీళ్ళు గలగలమన్నాయి. నలుగ్వా మూట తీసి, ఆకుతో సహా రెండు అరచేతులతో అదిమింది. ఆవిరి వేళ్ళ సందుల్లోంచి తన్నుకొచ్చింది. లోపలి కాయలు పసుపుపచ్చటి ముద్దగా అయ్యాయి. చిన్న గిన్నెలో వేరుసెనగ పులుసు మసులుతోంది. ఆకు విప్పి, పక్కన పులుసు పోసి, దాన్ని రెండు చేతులా పట్టుకుని వచ్చి నబ్బోసా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమెవి నొప్పుల మోకాళ్ళు, కూర్చోడానికి చాలాసేపు పట్టింది.

"అక్కా" అంది.

ఈ కొండ మీద ఆ పిలుపు నబ్బోసా ఎన్నడూ వినలేదు.

"ఆ రోజు తెలియక వండానని చెప్పుకుంటూ వచ్చాను. చీకట్లో వేరే చేప అనుకున్నానన్నాను. అబద్ధం. తెలిసే వండాను."

నబ్బోసా ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"రాజుగారు సరస్సు మీద పడవల్లో వెళ్తూ నిన్నొక్కదాన్నే వెంటపెట్టుకుని వెళ్ళారు. నేను ఒడ్డున నిలబడి చూశాను. ఒళ్ళు మండిపోయింది. నువ్వు తిరిగొచ్చిన రోజు బురదచేప తెప్పించి, తలా తోకా తీసేసి, పొగలో ఎండబెట్టి, నువ్వులు నూరి వేసి వండాను. నువ్వు గుర్తుపట్టకూడదని అంత శ్రద్ధగా వండాను. ముందటి నలుగ్వా పోయేముందు ఈ మాట నా చెవిలో చెప్పింది. ప్రాణం పోయినా బయటపెట్టనని ఒట్టు వేయించుకుంది. ఆమె ముందటి ఆమె కూడా అంతే. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. తప్పు నాది. రెండు వందల ఏళ్ళుగా నాదే. నన్ను క్షమించు, ఈ ముద్ద తిను. నువ్వు వెళ్ళిపోతే నేను ఎవరితో పోట్లాడను చెప్పు?"

చెప్పేసి తల దించుకుంది. నబ్బోసా ఆ బొద్దు భుజాల వంక చూసింది, అరటాకు మీద ఆవిరి వంక చూసింది. ఎన్నో ఏళ్ళుగా వీపు చూసిన మనిషి ముఖాన్ని మొదటిసారి పొయ్యి వెలుగులో ఎదురుగా చూసింది. జాలేసింది. ఆకలీ వేసింది.

"నా కుడి చెయ్యి కట్టులో ఉంది" అంది చివరికి. "ఎడమ చేత్తో తినేంత సిగ్గులేనిదాన్ని కాదు. నువ్వే పెట్టు."

నలుగ్వా చిన్న ముద్ద చేసి, వేరుసెనగ పులుసులో అద్ది, ఆమె నోటికి అందించింది. పులుసు చుక్క ఒకటి పిండికట్టు మీద పడింది. నబ్బోసా కళ్ళు మూసుకుని నమిలింది. చాలాసేపు నమిలింది.

"ఉప్పు తక్కువైంది."

"ఏడ్చానే! ఏడుస్తూ వండితే ఉప్పు ఎలా తెలుస్తుంది?" నలుగ్వా ముక్కు తుడుచుకుంది. తర్వాత, ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు, "ఆ రోజు కూరలో సరిపోయిందా?" అని అడిగింది.

నబ్బోసా ఇంకో ముద్దకు నోరు తెరిచింది. అదీ తిన్నాక నెమ్మదిగా అంది.

"మొదటి ముద్దకే ఉమ్మేశానని కదా మేం చెప్పేది. నా చెవిలోనూ ఒక మాట ఉంది. ఉమ్మలేదు. గిన్నె నాకి మరీ తిన్నాను. ఇంకొంచెం వెయ్యవే చెల్లీ అన్నాను. నువ్వు వేశావు. అది కూడా తిన్నాక నవ్వావు. అప్పుడు తెలిసింది."

నలుగ్వా చేతిలోని ముద్ద జారి ఆకు మీద పడింది.

"ఆ తర్వాత అంత రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదట" అంది నబ్బోసా. "తోబుట్టువును తిన్నాను, పైగా బాగుందనుకున్నాను. ఈ మాట ఎవరితో చెప్పుకోను? అందుకే కోపమంతా నీ మీద పెట్టాను."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వుతూ నవ్వుతూ ఇద్దరూ ఏడ్చారు, ఏడుస్తూ మళ్ళీ నవ్వారు. ఆకు మీద ముద్ద చల్లారిపోయినా నలుగ్వా పెడుతూనే ఉంది, నబ్బోసా తింటూనే ఉంది.

"మరి మన పోట్లాట?" అని ఉన్నట్టుండి గాభరా పడింది నలుగ్వా. "అది లేకపోతే రేపు మన తర్వాత వచ్చేవాళ్ళకు ఏం చెప్తాం?"

"అదెక్కడికి పోతుంది? పగలంతా పోట్లాడుకుందాం."

శనివారం పొద్దున లుబ్వామా కొండ ఎక్కుతూ సగం దారిలో ఆగి తలెత్తి చూశాడు. వంటపాక మీద రెండు పొగలు పక్కపక్కనే లేస్తున్నాయి. ఎవరు వెలిగించారని అతను అడగలేదు. గేటు గదిలో మేకుకు వేలాడుతున్న ఎర్ర గోమెసిని మడిచి సంచిలో పెట్టి, బండివాడి చేతికిచ్చి ప్రిస్కాకు పంపించేశాడు. కంపెనీవాళ్ళకు ఫోన్ చేసి, ఆశ్చర్యంగా ఈసారి తనే గట్టిగా మాట్లాడాడు.

పెద్ద గుంపు వచ్చింది. నబ్బోసా తన చాప మీద, ఊదారంగు తప్పు పడిన చోట, కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈతాకు పాయల కొసలను ఎడమ చేత్తో పట్టుకుంటే నలుగ్వా అల్లుతోంది.

"సరిగ్గా పట్టుకోవే చేపమూతీ, పాయ వదులవుతోంది."

"నీ అల్లికే వదులు. పట్టుకునేవాళ్ళనా తిట్టేది?"

"రెండు వందల ఏళ్ళుగా ఇంతే" అని లుబ్వామా వచ్చినవాళ్ళకు చెప్పాడు. "పెద్దావిడ చిన్నావిడ చేతి తిండి ముట్టదు."

ముందు వరసలో కూర్చున్న ఒకామె ఏదో అడిగింది. ఎప్పటికీ రాజీ పడరా అని ఆమె అడుగుతోందని లుబ్వామా చెప్పాడు.

"దీనితోనా?" అంది నబ్బోసా. "ఆయన్ని అడవిలోంచి రానివ్వండి. ఆయనే తీరుస్తాడు."

అందరూ నవ్వారు. లుబ్వామా కూడా నవ్వబోయి, ఆమె పిండికట్టు మీద ఎండిపోయిన వేరుసెనగ పులుసు మరకను చూశాడు. కాసేపు దాన్నే చూసి, తర్వాత చరిత్ర చెప్పడంలో పడ్డాడు.

మధ్యాహ్నానికి వ్యాన్లు కొండ దిగాయి. నలుగ్వా మోకాళ్ళ మీద చేతులు ఆన్చి మూలుగుతూ లేచి, వంటపాక వైపు నడిచింది.

"ఇవాళైనా ఉప్పు చూసి వెయ్యి" అంది నబ్బోసా, తల ఎత్తకుండానే.